కుర్చీ మీది నమాజ్

మా అబ్బాకి వచ్చే మంగళవారం తుంటి మార్పిడి ఆపరేషన్. ఈ నెల రోజుల్లో నేను పైసలు జమ చేశాను, ఆసుపత్రి కాగితాల కోసం తిరిగాను, ఆఫీసులో సెలవు పెట్టాను. తయారీ అంటే ఇదే అనుకున్నాను. మొన్న జుమా నాడు నస్పూర్‌లో ఇంటి ముందు కూర్చుని అబ్బా ఒక్క మాట అడిగాడు. అప్పుడు తెలిసింది, అసలు తయారీ నేను మొదలే పెట్టలేదని.

"బేటా, ఆపరేషన్ కే బాద్ సజ్దా నైఁ కర్ సక్తా క్యా?"

ఇన్నాళ్ళూ "ఎండలు పోనీ", "చూద్దాం తియ్" అని ఆయన వాయిదా వేస్తుంటే కత్తికి భయపడుతున్నాడని మేమనుకున్నాం. ముప్పై ఏళ్ళు బొగ్గు బాయిలో దిగి ఎక్కిన మనిషి కత్తికి భయపడతాడా? ఆయన ఫికర్ అంతా నుదురు నేలకు ఆనదేమోనని. అది మాకు తట్టలేదు, ఆయన మాతో చెప్పలేదు.

2006లో సెకండ్ షిఫ్ట్‌లో పక్కబండ జారి అబ్బా తుంటి బొక్క మెడ దగ్గర విరిగింది. స్క్రూలు వేశారు, అతికింది. కానీ తొడ ఎముక తలకాయకు నెత్తురు తీసుకెళ్ళే సన్నటి నాళాలు ఆ మెడ మీదుగానే పోతాయి. అవి దెబ్బతింటే ఎముక అతికినా తలకాయ మెల్లమెల్లగా చచ్చిపోతుంది. డాక్టర్లు దీన్ని ఏవీఎన్ అంటారు. గుండ్రంగా ఉండాల్సిన తలకాయ కుంగి, గిన్నెలో సరిగ్గా తిరగదు. మూడేళ్ళకే అబ్బా కుంటడం మొదలైంది. అయినా ఎవరికీ చెప్పలేదు. నొప్పి అంటే మెడికల్ బోర్డు, బోర్డు అంటే అన్‌ఫిట్, ఇంట్లో పెండ్లి కావాల్సిన ఇద్దరు ఆడపిల్లలు. రిటైర్ అయ్యేదాకా మెడికల్ షాపు గోలీలే ఆయన ఇలాజ్.

దాన్ని మేమంతా సబ్ర్ అన్నాం. "మీ అబ్బా ఎంత సబ్ర్ గల మనిషి!" అని ఖాలాలూ మామూలూ తారీఫ్ చేశారు. ఇలాజ్ లేని చోట ఓర్చుకోవడం సబ్ర్. ఇలాజ్ ఉండి కూడా మనిషిని నొప్పితో వదిలేయడం మన గఫ్‌లత్. దానికి దీన్ పేరు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆ తప్పులో నాకూ హిస్సా ఉంది.

ఈ ఇలాజ్ కొత్తదేం కాదు. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ లోహపు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నె పెట్టి నేటి తుంటి మార్పిడికి దారి వేశాడు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, మార్చిన తుంట్లలో నూటికి 58 పాతికేళ్ళ దాకా నిలుస్తున్నాయి. అబ్బాకి డెబ్బై దాటాయి. లెక్క మీరే చూసుకోండి.

ఇక తయారీ సంగతి. ముందు దంతాల డాక్టర్ దగ్గరికి పంపారు. తుంటికీ పళ్ళకీ ఏం వాస్తా అని అబ్బా నవ్వాడు. వాస్తా ఉంది. పుచ్చిన పంటిలోని ఇన్‌ఫెక్షన్ నెత్తురుతో పాటు పోయి కొత్త కీలు మీద కూర్చుంటే దాన్ని వదిలించడం చాలా కష్టం. బాయిలో బీడీ నిషేధం కాబట్టి మా దగ్గర చాలామందికి ఖైనీ అలవాటు. అబ్బా పళ్ళు రెండు పీకాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి మింగిన గోలీల వల్ల క్రియాటినిన్ పెరిగిందేమో చూశారు. షుగర్ అదుపులోకి వచ్చేదాకా తారీఖు ఇవ్వలేదు. మరీజ్ రోజూ ఏ గోలీలు మింగుతున్నాడో, హకీమ్ ఇచ్చిన పొడితో సహా, డాక్టర్‌కి చెప్పాలి. నెత్తురు పలచన చేసే మందులైతే మనంతట మనం ఆపకూడదు, దాచకూడదు.

తర్వాత ఇల్లు. మన ఇళ్ళన్నీ నేల మీద బతికే ఇళ్ళు. దస్తర్‌ఖాన్ నేల మీద, జానిమాజ్ నేల మీద, పాయిఖానాలో గొంతుక్కూర్చోవడం. ఆపరేషన్ అయిన కొత్తలో తుంటి బాగా వంగితే, కాలు మీద కాలు వేస్తే కొత్త బంతి గిన్నెలోంచి జారే ప్రమాదముంది. అందుకే ఎత్తు కమోడ్ పెట్టించాం. గోడకు పట్టుకునే రాడ్ బిగించాం. మంచం కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచాం. కాలికి తట్టుకునే గాలీచాలు తీసేశాం. అబ్బా ఒక్కడే కుర్చీలో, మేమంతా కింద కూర్చుని తింటే ఆయనకి ముద్ద దిగదని, అమ్మీ పాత టేబుల్ ఒకటి కడిగి పెట్టింది. ఇప్పుడు అందరం దాని చుట్టూనే.

ఇంకో మాట. లోపల పెట్టిన కీలు ఏ కంపెనీది, దాని నంబర్ ఏమిటో ఉన్న స్టిక్కర్ అడిగి తీసుకుని భద్రంగా దాచండి. 2010లో డెప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ తుంటి కీళ్ళను ప్రపంచమంతా వెనక్కి పిలిచింది. మన దేశంలో అవి వేయించుకున్న చాలామంది ఆచూకీ దొరకలేదు. ఒంట్లో ఏముందో తెలియకపోతే హక్కు అడిగేదెట్లా?

ఇప్పుడు అబ్బా సవాల్‌కి వస్తాను. సర్జన్‌ని సూటిగా అడిగాను. మొదటి మూడు నెలలు సజ్దా వద్దు, తర్వాత కండలు, ఎక్స్‌రే చూసి చెప్తానన్నాడు. అప్పుడూ కుదరకపోతే? ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తన జబ్బు సంగతి అడిగినప్పుడు ప్రవక్త (స) నిలబడి చదవమనీ, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చదవమనీ చెప్పినట్టు బుఖారీలో ఉంది. దీన్ ఇంత ఆసానీ ఇస్తే, మస్జిద్‌లో మనమేం చేస్తున్నాం? కుర్చీ తెచ్చుకున్న ముసలాయన్ని వెనక మూలకు పంపుతాం. "ఏం చచ్చా, కుర్సీ మిలీ క్యా?" అని మజాక్ చేస్తాం. అబ్బా కూడా ఒకప్పుడు అట్లా నవ్వినవాడే. ఆ నవ్వే ఇప్పుడు ఆయన్ని ఇలాజ్‌కి దూరంగా ఆపింది.

మస్జిద్ కమిటీల వాళ్ళకి నా గుజారిష్ ఇదే. మీనారుకి రంగులు తర్వాత వేద్దాం. ముందు మెట్ల పక్కన ఒక ర్యాంపు, వజూ దగ్గర ఎత్తు పీట, ఒక కమోడ్, సఫ్‌లోనే కుర్చీకి జాగా చూడండి. ఇమామ్ సాబ్‌లు ఒక్క జుమాలో ఈ మసలా విప్పి చెప్తే చాలు. ఈ బొగ్గు బస్తీల్లో విరిగిన నడుములూ తుంట్లూ ఏ మజ్‌హబ్‌కీ తక్కువ లేవు. గుడికైనా చర్చికైనా ఇదే మాట వర్తిస్తుంది.

నిన్న ఇషా టైముకి అబ్బా తనంతట తానే కుర్చీ తెచ్చి జానిమాజ్ మీద వేసుకున్నాడు. రుకూకి కొంచెం వంగాడు, సజ్దాకి ఇంకొంచెం. సలాం తిప్పాక నా వైపు చూసి, "ఇత్నాచ్ ఝుక్నా క్యా?" అన్నాడు.

"హౌ అబ్బా, ఇత్నాచ్" అన్నాను.

దువాలో యాద్ ఉంచుకోండి.