డోనట్లు అమ్మి కొన్న జెర్సీలు

1974లో అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టు వేసుకున్న జెర్సీలు విశ్వవిద్యాలయం కొనిచ్చినవి కావు. అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మగా వచ్చిన డబ్బుతో కొనుక్కున్నవి. ఆట ముగిశాక వాటిని ఉతికేది కోచే. పొరుగూరిలో ఆడాల్సి వస్తే వ్యాన్ నడిపేదీ ఆమే. అప్పటికామెకు 22 ఏళ్లు, జీతం నెలకు 250 డాలర్లు. హోటల్ గదులకు డబ్బుల్లేక ఒకసారి ఆటకు ముందురోజు రాత్రి ప్రత్యర్థి జట్టు జిమ్‌లోనే మ్యాట్లు పరుచుకుని అందరూ పడుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో మెర్సర్ విశ్వవిద్యాలయంతో ఆడిన తొలి ఆటలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

ఆ కోచ్ పాట్ హెడ్. పెళ్లయ్యాక పాట్ సమ్మిట్ అయ్యారు. 38 ఏళ్ల తర్వాత ఆమె తప్పుకునేనాటికి ఆ జట్టు ఆమె చేతుల మీదుగా 1,098 ఆటలు గెలిచింది, 208 మాత్రమే ఓడింది. ఎనిమిదిసార్లు జాతీయ విజేతగా నిలిచింది. గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. ఆ విశ్వవిద్యాలయం మహిళల జట్ల పేరైన ‘లేడీ వాల్స్’ అన్న మాట వింటే చాలు, అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ అంతా గుర్తుకొచ్చే స్థాయికి చేరింది.

దీన్ని ఒక మనిషి పట్టుదల కథగా చెప్పి ముగించడం తేలిక. అలా చెబితే సగమే చెప్పినట్టు. ఆ పట్టుదల వెనుక ఒక చట్టం ఉంది, ఒక విశ్వవిద్యాలయం తీసుకున్న నిర్ణయం ఉంది. ఆ రెండూ లేకపోతే పాట్ సమ్మిట్ కూడా తన ముందుతరం ఆడపిల్లల్లాగే ఎవరికీ తెలియకుండా పోయేవారు.

ఆమెది పొగాకు పండించి, పాడి పశువులను మేపుకునే రైతు కుటుంబం. పశువుల కొట్టం పైన గడ్డి దాచే అటక మీద ముగ్గురన్నలతో పోటీపడి బంతి వేయడం నేర్చుకున్నారు. ఊళ్లోని హైస్కూలులో ఆడపిల్లలకు జట్టు లేదని తండ్రి కుటుంబాన్నంతా పక్క ప్రాంతానికి మార్చాడు. అయినా కాలేజీ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోయింది. అన్నలకు ఆటే స్కాలర్‌షిప్ తెచ్చిపెట్టింది. చెల్లెలికి మాత్రం తల్లిదండ్రులే ఫీజు కట్టుకోవలసి వచ్చింది. ఒకే అటక మీద నేర్చిన ఆటే అయినా, ఆడపిల్ల ఆడితే దానికి పైసా విలువ లేని కాలం అది.

1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో ‘టైటిల్ 9’ చట్టమైంది. దాని మూల వాక్యంలో ఉన్నది 37 ఇంగ్లిష్ మాటలే. ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ స్త్రీ, పురుష భేదం చూపకూడదన్నదే దాని సారం. అందులో ఆటల ఊసే లేదు. కానీ కాలేజీ ఆటలూ విద్యలో భాగమే కాబట్టి ఆ మాటలు జిమ్ తలుపు దాకా వెళ్లాయి. 1975లో నిబంధనలు వచ్చాయి, 1978లోగా అమలు చేయాలని కాలేజీలకు గడువు పెట్టారు. సమ్మిట్ కోచ్‌గా చేరింది సరిగ్గా ఈ మలుపు దగ్గరే.

చట్టం వచ్చినంత మాత్రాన మనసులు మారవు. టెన్నెసీ హైస్కూళ్లలో అప్పటికింకా అమ్మాయిలు ఆరుగురి బాస్కెట్‌బాల్ ఆడేవారు. జట్టులో ముగ్గురు దాడికి, ముగ్గురు కాపలాకు. మధ్య గీత దాటడానికి ఎవరికీ వీల్లేదు. కోర్టు అంతా పరుగెత్తే సత్తువ ఆడపిల్లలకు ఉండదన్న నమ్మకమే ఈ నియమానికి పునాది. కాపలా వైపున్న అమ్మాయి హైస్కూలు చదువంతా ముగిసినా ఒక్కసారి కూడా బుట్టలోకి బంతి వేసి ఎరగదు. అలాంటి అమ్మాయిని ఐదుగురి ఆట ఆడే కాలేజీలు ఎందుకు తీసుకుంటాయి? సొంత రాష్ట్రం పిల్లలకే అన్యాయం జరుగుతోందని సమ్మిట్ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించారు. 1970ల చివరికి టెన్నెసీ ఐదుగురి ఆటకు మారింది. ఆమె గెలిపించిన ఆటల జాబితాలో ఇది కనిపించదు. నిజానికి ఆమె గెలుపుల్లో చెప్పుకోదగినది ఇదే.

విశ్వవిద్యాలయం చేసిన పని కూడా తక్కువది కాదు. 1970ల నడిమిలోనే మహిళల ఆటలకు వేరే శాఖ పెట్టింది. దానికి సొంత డైరెక్టర్, సొంత బడ్జెట్. 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఆ శాఖను నడిపింది జోన్ క్రోనన్. దేశంలో చాలాచోట్ల మహిళల జట్లు పురుషుల ఫుట్‌బాల్‌కు పోగా మిగిలినదాంతో సరిపెట్టుకుంటున్న రోజుల్లో, టెన్నెసీ విశ్వవిద్యాలయం ఉన్న నాక్స్‌విల్‌లో వారి అవసరాలను వినడానికే ఒక కార్యాలయం ఉంది.

ఫలితం ఒక్కరోజులో రాలేదు. 1980, 1981లో జాతీయ ఫైనల్‌కు చేరి ఓడారు. 1982లో కాలేజీ క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంట్ మొదలుపెట్టింది. 1984 ఫైనల్లోనూ ఓటమే. అదే ఏడాది సమ్మిట్ కోచ్‌గా అమెరికా మహిళల జట్టు ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. 1976లో క్రీడాకారిణిగా ఆమె రజతం తెచ్చిన పోటీ అది. చివరికి 1987లో లూసియానా టెక్‌ను 67–44తో ఓడించి టెన్నెసీ తొలిసారి కప్పు అందుకుంది. ఆ తర్వాత 1989, 1991. 1996, 97, 98లో వరుసగా మూడు. వాటిలో చివరి ఏడాది 39 ఆటలు ఆడి 39 గెలిచారు. క్యాండేస్ పార్కర్ అనే క్రీడాకారిణి జట్టులో ఉండగా 2007, 2008లో మరో రెండు.

ఈ అంకెల వెనుక క్రమశిక్షణ ఎలాంటిదో చెప్పడానికి ఒక్క నియమం చాలు. జట్టులోని అమ్మాయిలు తరగతి గదిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. కారణం లేకుండా తరగతి ఎగ్గొడితే ఆట కూడా లేనట్టే. 1998 జట్టులో ఉన్న టమీకా క్యాచింగ్స్ పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న అమ్మాయి. చిన్నప్పుడు తోటి పిల్లలు ఎగతాళి చేశారని వినికిడి యంత్రం తీసేసింది. మళ్లీ పెట్టుకొమ్మని, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని నచ్చజెప్పింది సమ్మిటే. క్యాచింగ్స్ తర్వాత నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది.

‘ఆడపిల్లల ఆట ఎవరు చూస్తారు?’ అన్న ప్రశ్నకు జవాబు మైదానంలోనే దొరికింది. 1995 జనవరిలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం జట్టుతో టెన్నెసీ మొదటిసారి తలపడింది. ఆ ఆటలోనూ, ఆ ఏడాది ఫైనల్లోనూ ఓడింది. కానీ ఆ పోటీతో టీవీ ముందుకు లక్షల మంది వచ్చారు. 2006 జనవరిలో ఇవే రెండు జట్లు నాక్స్‌విల్‌లో ఆడితే 24 వేల మందికి పైగా స్టేడియానికి వచ్చారు. అదే ఏడాది సమ్మిట్ వార్షిక వేతనం పది లక్షల డాలర్లు దాటింది. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌లలో అంత జీతం అందుకున్న తొలి వ్యక్తి ఆమె. చూసేవాళ్లు లేక ఆట పెరగలేదన్న వాదన తలకిందులైంది. చూపించాక జనం చూశారు.

ఇంతటి కోటకూ బీటలు వారాయి. 2011 ఆగస్టులో సమ్మిట్ తనకు చిన్న వయసులోనే వచ్చే రకం అల్జీమర్స్ ఉందని బయటికి చెప్పారు. 2012 ఏప్రిల్‌లో తప్పుకున్నారు. 2016 జూన్ 28న, 64 ఏళ్లకే కన్నుమూశారు. ఆమె తప్పుకున్న 2012లోనే మహిళల క్రీడాశాఖను పురుషుల శాఖలో కలిపేశారు. 2015లో బాస్కెట్‌బాల్ మినహా మిగతా మహిళల జట్లకు ‘లేడీ వాల్స్’ పేరు తీసేశారు. పూర్వ క్రీడాకారిణులు, అభిమానులు ఊరుకోలేదు. 2017లో ఆ పేరు తిరిగి వచ్చింది. బాస్కెట్‌బాల్ జట్టు మాత్రం 1982 నుంచి 2025 దాకా జరిగిన ప్రతి ఎన్‌సీఏఏ టోర్నమెంటులోనూ ఆడినా, 2008 తర్వాత చివరి నాలుగు జట్లలో చోటు దక్కించుకోలేదు. శాఖ విలీనమే ఇందుకు కారణమని అనలేం. మిగతా విశ్వవిద్యాలయాలు కూడా డబ్బు పెట్టడం నేర్చుకున్నాయి. అయినా, ఒక జట్టును నిలబెట్టిన ఏర్పాట్లను విప్పేటప్పుడు ఎవరైనా రెండుసార్లు ఆలోచించాలి.

మరో చేదు నిజం కూడా ఉంది. టైటిల్ 9 వచ్చిన 1972లో కాలేజీ మహిళల జట్లకు 90 శాతానికి పైగా మహిళలే కోచ్‌లు. 2014 నాటికి వారి వాటా సుమారు 43 శాతానికి పడిపోయింది. జీతాలు పెరిగేసరికి ఆ ఉద్యోగాల వైపు పురుషులూ చూశారు. ఆడేవారికి తలుపు తీసిన చట్టం, నేర్పేవారికి ఆ తలుపు తీసి ఉంచలేకపోయింది. పాట్ సమ్మిట్‌ను తలుచుకునేవారు మొదట ఆలోచించాల్సింది దీని గురించే.

ఆడపిల్లల ఆటకు డబ్బెందుకు, చూసేదెవరు అన్న మాట ఎక్కడ వినిపించినా టెన్నెసీని చూపించవచ్చు. ముందు జెర్సీ ఇవ్వండి, మైదానం ఇవ్వండి, నిలకడగా నేర్పే గురువును ఇవ్వండి. ఆ తర్వాత లెక్క అడగండి. టెన్నెసీ ఇచ్చిన లెక్క ఎనిమిది కప్పులతో ఆగలేదు. 38 ఏళ్లలో సమ్మిట్ దగ్గర తమ ఆట కాలాన్ని పూర్తి చేసుకున్న ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టాతో బయటికి వెళ్లింది.