వైఫై పెట్టె ఎక్కడ పెట్టాలో గ్రామసభే తేల్చాలి

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ తీగ వేసే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదించింది. దేశంలోని సుమారు 2.5 లక్షల పంచాయతీలకు ఇంటర్నెట్ అందించడం దాని లక్ష్యం. 2015లో ఈ పథకం పేరు భారత్‌నెట్‌గా మారింది. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వచ్చిన ఊళ్లలో ఇక తేలాల్సింది ఒక్కటే: అక్కడి నుంచి అది ఎవరికి అందుతుంది?

వైఫై పెట్టె వీధి దీపం లాంటిది. ఎక్కడ పెడితే ఆ చుట్టుపక్కలకే పని చేస్తుంది. ఆరుబయట అడ్డం లేకపోతే సిగ్నల్ సుమారు వంద మీటర్లు పోతుంది. కాంక్రీటు గోడ, రేకుల షెడ్డు, ఇనుప బీరువా అడ్డొస్తే బాగా పడిపోతుంది. పెట్టె బలం పెంచినంత మాత్రాన లాభం లేదు. ఫోను పంపే బలహీనమైన సిగ్నల్ కూడా తిరిగి పెట్టెకు చేరాలి కదా!

ఆఫీసు లోపలి గదిలో పెట్టిన పెట్టె ఊరి చివరి కాలనీకి అందదు. సాయంత్రం ఆఫీసుకు తాళం వేసి కరెంటు కట్టేస్తే, పొలం నుంచి వచ్చిన రైతుకు, చదువుకునే పిల్లలకు దక్కేది సున్న. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్లే.

అందువల్ల ముందు చూడాల్సింది పెట్టెల లెక్క కాదు, మనుషుల లెక్క. ఏ వేళకు ఎక్కడ ఎంతమంది చేరతారు? 100 మెగాబిట్ల లైనును 50 మంది ఒకేసారి వాడితే తలకు దక్కేది రెండే. చీకటి పడ్డాక ఆడపిల్లలు రచ్చబండ దగ్గరకు రాలేరు. వాళ్లకు బడి వరండాయో, అంగన్‌వాడీయో అనువు. పెట్టెను ఎత్తులో, చూరు కింద బిగించాలి. బ్యాటరీ పెట్టాలి. దగ్గర దగ్గరగా ఉన్న పెట్టెలను 1, 6, 11 ఛానళ్లకు విడివిడిగా సర్దాలి. లేకుంటే ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. బిగించే ముందు ఫోను పట్టుకుని వీధి వీధీ తిరిగి సిగ్నల్ చూసుకోవాలి.

పంచాయతీ చేరలేని చోటికి మరో దారి ఉంది. 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం వాణి పథకం కింద కిరాణా కొట్టు, టీ కొట్టు యజమానులు కూడా లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వవచ్చు.

పెట్టె చోటును బిగించే మనిషి వీలుకు వదిలేస్తే ఆఫీసు గోడే మిగులుతుంది. అన్ని వాడల వారూ కూర్చున్న గ్రామసభలో తేలిస్తేనే ఆ తీగ ఊరందరిదీ అవుతుంది.