సభలోకి ఎందుకు రానిచ్చారు?

మా నకరికల్లు ఉన్న పల్నాడు జిల్లాలోనే వినుకొండ ఉంది. అది గుర్రం జాషువా పుట్టిన ఊరు. అక్కడ ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారంటూ కొందరు అవమానించారు. ద్వేష ప్రసంగం చేసే పని ఇదే. మనసు నొప్పించడంతో అది ఆగదు, ఎదుటి మనిషికి మాట్లాడే అర్హతే లేదంటుంది. కాబట్టి దాన్ని అడ్డుకోవడం భావప్రకటనా స్వేచ్ఛను కాపాడడమే.

అయితే నొప్పించే ప్రతి మాటా ద్వేషం కాదు. 2017లో కంచ ఐలయ్య రాసిన ‘సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు’ మీద పెద్ద గొడవ జరిగింది. ఒక కులం మొత్తాన్ని ఆ శీర్షిక నిందిస్తోందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. దానికి జవాబు మరో పుస్తకం కావాలి. కానీ రచయిత కారుపై దాడి జరిగింది, నిషేధం కోరుతూ పిటిషన్ పడింది. అదే ఏడాది అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్న ఫిర్యాదు ఎటు తిరుగుతుందో దళితులకు తెలుసు. రాముడిపై వ్యాఖ్యలకు గాను దివంగత విమర్శకుడు కత్తి మహేశ్‌ను 2018 జూలైలో హైదరాబాద్ నుంచి ఆరు నెలలు బహిష్కరించారు. ఇలాంటి అధికారాన్ని ఇంకా పెంచమని మనమే అడిగితే, అది ముందు మన మీదికే వస్తుంది.

మనకు కావలసింది గురి తప్పని చట్టం. అది ఇప్పటికే ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) వ్యక్తిని అవమానించడం, కులం పేరుతో దూషించడం గురించి చెబుతాయి. అది నలుగురి కంటపడే చోట జరిగి ఉండాలి. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో చేరిన 3(1)(యు) వేరు. మాటతోగానీ రాతతోగానీ ఎస్సీ, ఎస్టీలపై ద్వేషం రెచ్చగొట్టడం నేరమంటుంది. వ్యక్తిని కాక సమూహాన్ని గురిపెట్టినప్పుడే ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ తేడా తెలియాలి. పేటను మొత్తంగా తిడుతూ వాట్సాప్‌లో తిరిగే పోస్టులో ఎవరి పేరూ ఉండదు. ‘నిన్నేమీ అనలేదు కదా’ అని స్టేషన్‌లో వెనక్కి పంపితే, (యు) కింద రాసుకోమని అడగాలి. 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. కావాలని విధి నిర్వహించని ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి సెక్షన్ 4 కింద శిక్ష ఉంది.

ఫిర్యాదు రాసే ముందు మనల్ని మనం ఒకటి అడగాలి. ఆ మాట మన ఆలోచనను విమర్శించిందా, మన మనిషితనాన్నే కాదందా? మొదటిదైతే జవాబిద్దాం. రెండోదైతే కేసు పెడదాం.