తుప్పు పడుతున్న అమానతు

ఈద్‌గాహ్ ఏడాదికి రెండు రోజులు మనుషులతో నిండుతుంది. మిగిలిన రోజుల్లో అక్కడ గడ్డి పెరుగుతుంది. దాన్ని కోయడానికి ఎవరో ఒక దాత పెట్రోలుతో నడిచే కోత యంత్రాన్ని వక్ఫ్ చేస్తాడు. రెండు మూడు పండుగల వరకు అది చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఎంత తాడు లాగినా స్టార్టు కాదు. దాన్ని గది మూలకు నెట్టి, పైన పాత చాపలు పడేస్తారు. మరుసటి పండుగకు కొత్త యంత్రం కోసం చందా పుస్తకం బయలుదేరుతుంది. మనం దీన్ని చిన్న విషయంగా భావిస్తున్నాము. షరీఅత్ అలా భావించదు.

హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో భూమి లభించినప్పుడు, దాన్ని ఏం చేయాలో చెప్పమని దైవప్రవక్త (స)ను కోరారు. అసలును నిలిపి ఉంచి, ఫలసాయాన్ని దానం చేయమని ఆయన (స) సూచించారు. వక్ఫ్‌కు పునాది ఇదే. మరి పనిముట్ల మాటేమిటి? హిజ్రీ 189లో మరణించిన ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (రహ్మ), ప్రజల్లో వాడుక ఉన్న చరాస్తుల వక్ఫ్ చెల్లుతుందన్నారు. ఉదాహరణలుగా హనఫీ గ్రంథం హిదాయా గొడ్డలిని, పారను, రంపాన్ని, జనాజా డోలాను, వంట పాత్రలను పేర్కొంటుంది. నేటి గడ్డికోత యంత్రం వాటి సరసన చేరేదే. వక్ఫ్ ఆదాయాన్ని ముందుగా దాని మరమ్మతుకే వెచ్చించాలనీ, దాత ఆ షరతు పెట్టకపోయినా ఇదే విధి అనీ ఆ గ్రంథం చెబుతుంది. కనుక కొత్తది కొనే ముందు పాతదాన్ని బాగుచేయించే ప్రయత్నం చేయడం కమిటీ పెద్దల బాధ్యత.

ఇంతకూ యంత్రం ఎందుకు మొరాయిస్తుంది? బక్రీద్ గడిచాక మళ్ళీ రంజాన్ పండుగ రావడానికి తొమ్మిది నెలలకు పైగా పడుతుంది. అంతకాలం ట్యాంకులో మిగిలిన పెట్రోలు చెడిపోతుంది. తేలికగా ఆవిరయ్యే భాగం పోగా, మిగిలినది కార్బురేటర్ సన్నని రంధ్రాల్లో జిగురులా గడ్డకడుతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొని తుప్పుకు తోడవుతుంది. చాలాసార్లు ఇంజిన్ బాగానే ఉంటుంది. దానికి పెట్రోలు అందదు, అంతే.

అలాంటి యంత్రాన్ని బయటికి తీసిన వెంటనే తాడు లాగకండి. నిప్పుకు దూరంగా, ఆరుబయట ఉంచి, ముందుగా స్పార్క్ ప్లగ్గు వైరు ఊడదీయండి. అది ఉండగా బ్లేడును తాకడం ప్రమాదం. పాత పెట్రోలు పూర్తిగా తీసివేయండి. దాన్ని నేలపైనో కాలువలోనో పారబోయకుండా మెకానిక్ షెడ్డుకు అప్పగించండి. గాలి ఫిల్టరులో, సైలెన్సరులో ఎలుకలు, పురుగులు గూళ్ళు కట్టాయేమో చూడండి. ప్లగ్గు తీసి, సిలిండర్‌లో కొన్ని చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి, తాడును మెల్లగా లాగండి. ఇంజిన్ తిరిగితే సగం పని అయినట్టే. కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించి, ఆయిల్ మార్చి, కొత్త ప్లగ్గు, తాజా పెట్రోలు వేసి ప్రయత్నించండి. బ్లేడు బోల్టు బిగువుగా ఉందని నిర్ధారించుకున్నాకే మైదానంలోకి దించండి.

మహల్లాలో ఈ పని తెలిసిన యువకుడు ఉంటే అతనికే అప్పగించండి. మసీదు పని కదా అని కూలి ఎగవేయకండి. పండుగ ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేవరకు నడిపించి, అడుగున అంటిన గడ్డిని గీకివేసి, కప్పి ఉంచండి. ఒక్క గంట శ్రమ తొమ్మిది నెలల నష్టాన్ని తప్పిస్తుంది. ఇక ఎంతకూ బాగుకాదని తేలితే, పండితులను సంప్రదించి అమ్మి, ఆ సొమ్మును అదే అవసరానికి వినియోగించాలి. లెక్క అందరికీ చూపాలి.

మనిషి మరణించాక కూడా ప్రతిఫలం ఆగని మూడు విషయాల్లో నిరంతర దానం ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఆ యంత్రాన్ని ఇచ్చిన దాత బహుశా నేడు సమాధిలో ఉండవచ్చు. అతని సంకల్పానికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద భద్రమే. కానీ అతను ప్రజలకు అందించాలనుకున్న ప్రయోజనాన్ని మూలన పడేసింది మనమే. దానికి జవాబు చెప్పవలసిందీ మనమే.

మనకు అప్పగించిన అమానతులను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.