ఇంటి కారు – ఇల్లాలి కన్ను



గడచిన మాసమున ఈ శీర్షిక క్రింద ఆవకాయ జాడీలను గూర్చి ముచ్చటించితిమి. ముక్క మునుగునట్లు నూనె తేలియుండవలయుననియు, నూనె తగ్గిన జాడీకి బూజు తప్పదనియు వ్రాసినప్పుడు మీలో నొక్కరికిని అది క్రొత్త సంగతిగా తోచియుండదు. మూత తీసి చూచుట, తగ్గినచో పోయుట, ఎందులకు తగ్గెనో విచారించుట – ఈ మూడును మన తల్లులవలన మనకు సంక్రమించిన విద్యలు. ఈ మాసమున ఆ విద్యనే వాకిట నిలిచియుండు కారు విషయమున నెట్లు వినియోగింపవచ్చునో విన్నవింప దలచితిమి.

హైదరాబాదునుండి విజయవాడకు బోవు 65వ సంఖ్య జాతీయ రహదారి, అనగా పూర్వము 9వ సంఖ్యతో పిలువబడినది, మన సూర్యాపేట, కోదాడల మీదుగనే పోవుచున్నది. మిర్యాలగూడ వైపు ధాన్యపు లారీల రాకపోకలకు లెక్క లేదు. ఈ మూడు పట్టణముల నడుమ ప్రతిదినమును స్వయముగా కారు నడుపుకొనుచు బడులకును, బ్యాంకులకును, ఆసుపత్రులకును పోవు స్త్రీలు నేడు పెక్కుమంది గలరు. అయినను ఆ కారు బానెట్టు తెరచినప్పుడు మాత్రము మనము రెండడుగులు వెనుకకు జరిగి నిలుచుచున్నాము. నడుపనేర్చిన చేతికి తెరచి చూచుట కష్టమా? మన పూర్వులు ఇరుసునకు కందెన వేయకుండ బండి కట్టెడివారు కారు. కందెన యున్నదో లేదో చూచుటకు వడ్రంగిని పిలువనంపెడి వారును కారు.

ఇది పురుషుల పని యని యనువారికి ఒక యితిహాసము చెప్పవలసియున్నది. 1888వ సంవత్సరము ఆగష్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు, తన భర్తయగు కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారుబండిలో, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా తెలుపకయే మన్‌హైమ్ పట్టణమునుండి తన పుట్టినూరగు ప్ఫోర్ట్స్‌హైమ్‌కు ప్రయాణమయ్యెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా తన టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసెను. ఇంధనము తరుగగా ఒక మందుల దుకాణమున కొని పోసెను. బ్రేకు అరుగగా ఒక చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఇంజను చల్లబడుటకు నీరు దొరికిన చోటనెల్ల నింపించెను. మోటారుబండి మొదటి దూరప్రయాణమున దాని ఆలనపాలనలు చూచినది ఒక గృహిణియే. కావున మనము క్రొత్తగా పరుల పనిలో ప్రవేశించుట లేదు.

ఇక విషయమునకు వత్తము. పదునైదు దినములకొకమారు, ఆదివారము ఉదయమున, కారును కదలించుటకు ముందు పది నిమిషములు చాలును. బండి సమతలమున నుండవలయును. ఇంజను ఆగియుండవలయును, చల్లగా నుండవలయును. మనకు ప్రత్యేకముగా మూడు జాగ్రత్తలు గలవు. పైటచెంగు నడుమునకు బిగించుడు. జడ ముడి వేసికొనుడు. చేతి గాజులును ఉంగరములును తీసి లోపల పెట్టుడు. రేడియేటరు ఫ్యాను కొన్ని బండ్లలో ఇంజను ఆపిన పిమ్మటను తనంతట తాను తిరుగును. అది చెంగును గాని జడను గాని లాగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. బంగారు గాజు బ్యాటరీ కొనకును ఇనుమునకును ఒకేసారి తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును.

మొదట ఇంజను ఆయిలు. పసుపుపచ్చని గాని నారింజ వన్నె గాని గల పిడితో సన్నని లోహపు పుల్ల యొకటి కనబడును. దానినే డిప్‌స్టిక్కు అందురు. బయటికి లాగి, నూలుపోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల తుదివరకు దూర్చి, మరల తీసి చూడుడు. మొదటిసారి తీసినప్పుడు కనబడు గుర్తు నమ్మదగినది కాదు. పుల్లపై రెండు గీతలుండును. నూనె ఆ రెంటి నడుమ నుండవలయును. క్రింది గీత దాక దిగినచో, బండితో వచ్చిన పుస్తకములో జెప్పిన రకము నూనెనే కొంచెము కొంచెముగా పోసి, కొంతసే పాగి మరల చూడవలయును. ఎక్కువ పోసిన మంచిదే యనుకొనుట పొరపాటు. పై గీత దాటినచో లోపల తిరుగు భాగములు నూనెను చిలికి నురుగు చేయును. నురుగు కందెన పని చేయజాలదు.

వన్నెయు చూడవలయును. పెట్రోలు బండిలో క్రొత్త నూనె తేనెవలె నుండి క్రమముగా గోధుమ వన్నెకును నలుపునకును దిరుగును. డీజిలు బండిలో శీఘ్రముగనే నల్లబడును. అందులకు భయపడ నక్కరలేదు. కాని పాలు కలిసిన కాఫీవలె కనబడినచో నూనెలో నీరు చేరినదని యనుమానింపవలయును. అట్టి బండిని నడుపక మెకానిక్కునే ఇంటికి పిలిపించుడు. నడుపుచుండగా అల్లావుద్దీను దీపమువంటి ఎఱ్ఱని గుర్తు ఎదుట వెలిగినచో, నూనె ఒత్తిడి పడిపోయినదని యర్థము. తక్షణమే ప్రక్కకు జరిపి ఇంజను ఆపవలయును. ఇంకొక నాలుగు మైళ్ళే గదా యని పోయినచో ఆ నాలుగు మైళ్ళే ఇంజనుకు కడపటివి కావచ్చును.

రెండవది కూలెంటు. మేనెలలో 44, 45 డిగ్రీల యెండ మన సీమకు క్రొత్త గాదు గనుక ఇది మనకు మిక్కిలి ముఖ్యము. తెల్లని పారదర్శకపు డబ్బాలో ఆకుపచ్చని గాని ఎఱ్ఱని గాని రంగునీరు కనబడును. డబ్బాపైన కనిష్ఠ, గరిష్ఠ రేఖలు గలవు. మూత తీయకయే చూడవచ్చును. కాగిన ఇంజను మీద రేడియేటరు మూత గాని ఆ డబ్బా మూత గాని ఎన్నడును విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే నూరు డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత విప్పిన మరుక్షణమే అది పొంగి ముఖముపై జిమ్మును. ఆవిరి దిగని ప్రెషరు కుక్కరు మూతను మనము తీయుదుమా? ఇదియు నంతే.

ఇందులో బోరునీరు పోయు అలవాటు మన ప్రాంతమున మిక్కుటముగా నున్నది. నల్లగొండ సీమ భూగర్భజలముల ఫ్లోరైడు సంగతి లోకవిదితము. అది మన యెముకలకు శత్రువు. ఆ నీటిలోనే కరిగియుండు సున్నపు లవణములు ఇంజనుకు శత్రువులు. నీళ్ళు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరు చూచియే యున్నారు. ఆ పెచ్చే రేడియేటరు సన్నని గొట్టములలో గట్టి వేడిని బయటికి పోనీయదు. కావున పుస్తకములో జెప్పిన కూలెంటునే, అవసరమైనచో డిస్టిల్డ్ వాటరు కలిపి, పోయవలయును. ఆ రంగునీరు రుచికి తీయగా నుండు విషము. మిగిలిన డబ్బాను పిల్లలకు అందకుండ నుంచుడు. నేల నొలికినచో కుక్కలు నాకకముందే కడిగివేయుడు.

మా యెరిగిన యొక కుటుంబమున నాలుగు మాసములుగా ఆ డబ్బాలో నీరు తగ్గుచునే యుండెను. తగ్గినప్పుడెల్ల పనివాడు బోరునీరు పోయుచుండెను. ఏల తగ్గుచున్నదని యడిగినవారు లేరు. వైశాఖమాసమున ఒక పెండ్లికి కోదాడకు పోవుచు మునగాల దాటినంతనే వేడి ముల్లు ఎఱ్ఱగీత చేరెను. ముహూర్తము మించునను తొందరలో ఇంకను కొంతదూరము నడిపిరి. ఇంజను పొగలు గ్రక్కి నిలిచిపోయెను. ఆ యిల్లాలు ఇద్దరు పసిపిల్లలతో, మిట్టమధ్యాహ్నమున, లారీలు పోవు రహదారి ప్రక్కన రెండు గంటలు నిలిచెను. విప్పి చూడగా ఇంజను తలభాగము వేడికి వంకర పోయియున్నది. మూలకారణము వ్రేలెడు రబ్బరు గొట్టమున నొక పగులు. పగిలిన కుండలో నాలుగు నెలలు నీరు పోసిరే గాని కుండను చూచినవారు లేకపోయిరి. ముల్లు పైకెక్కినచో ఏ.సి. ఆపి, బండిని ప్రక్కన నిలిపి, ఇంజను ఆపి, అర్ధగంటకు తక్కువ గాకుండ చల్లారనీయవలయును. జాతీయ రహదారిపై సహాయమునకు 1033 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఈ సంఖ్యను వ్రాసి కారులో నుంచుడు.

మూడవది బ్రేకు ఆయిలు. ఇదియు చిన్న డబ్బాలో రేఖల నడుమ నుండును. దీని స్వభావము వేరు. చక్రముల యొద్ద బ్రేకు ప్యాడులు అరిగిన కొలది ఇది మెల్లగా తగ్గును. అట్లు తగ్గుట ప్యాడులు చూపింపుమని బండి మనతో జెప్పుట. మనము మారుమాటాడక నిండుగా పోసినచో ఆ మాటను నొక్కివేసినట్లే. ఉన్నట్టుండి చాల తగ్గినచో ఎక్కడనో కారుచున్నదని యెఱిగి బండిని కదలింపరాదు. ఏలయన బ్రేకు పెడలు పాదము క్రింద మెత్తగా దిగిపోవుటకు అది తొలిమెట్టు. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. అందుచే పలుబండ్లకు రెండేండ్ల కొకమారు మార్పుమందురు. మూత తీసి నిలువచేసిన పాతసీసా పనికిరాదు. ఇంజను ఆయిలును ఇందులో నొక చుక్కయు పోయరాదు. అది రబ్బరు భాగములను ఉబ్బించి చెరచును.

తక్కినవి సులభములు. నీరు పోయవలసిన రకపు బ్యాటరీ యైనచో లోపలి పలకలు మునుగునంత డిస్టిల్డ్ వాటరు పోయుడు. దాని దగ్గర దీపము గాని అగ్గిపుల్ల గాని వలదు. అందుండి వెలువడు వాయువు అంటుకొనును. అద్దము కడుగు నీటి డబ్బాను నింపియుంచుడు. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల ఊకదుమ్ము, హుజూర్‌నగరు, మేళ్ళచెరువు ప్రాంతములలో సిమెంటు దుమ్ము అద్దముపై బడినప్పుడు దాని విలువ తెలియును. ఆ దుమ్మే ఇంజను గాలి పీల్చు ఫిల్టరును పూడ్చును. కావున మన ప్రాంతమున దానిని పుస్తకము చెప్పిన గడువుకంటె ముందుగనే చూపించుట మేలు. ధాన్యమున్నచోట ఎలుకలుండును. బానెట్టు క్రింద కొఱికిన తీగలు, ఊక, పీచు కనబడుచున్నవేమో చూడుడు. విద్యుత్తుతో నడచు కారునకు ఇంజను ఆయిలు లేకున్నను, బ్రేకు ఆయిలును, చాలవానికి కూలెంటును గలవు. కావున ఆ యిండ్లవారికిని ఈ ఆదివారపు పని తప్పదు.

ఇన్నింటికంటె ముఖ్యమైన పనిముట్టు ఒక చిన్న నోటుపుస్తకము. పాలలెక్క వ్రాయునట్లే తేదీ, తిరిగిన కిలోమీటర్లు, మూడు ద్రవములు ఏ రేఖ యొద్ద నున్నవి, ఏది ఎంత పోసితిమి అని వ్రాయుడు. ఒకనాటి చూపునకు తెలియనిది ఆరు వరుసలు వ్రాసిన పిమ్మట తానే తెలియును. ఒకటి తగ్గుచుండెనా, పోయుటతో సగము పని మాత్రమే యైనది. ఎందులకు తగ్గెనని యడుగుట తక్కిన సగము. బండి నిలిచిన చోట ఒక పాత అట్టముక్క పరచినచో, తెల్లవారునప్పటికి పడిన మఱకయే జవాబులో కొంత చెప్పును.

ఈ లెక్క వలన ధనమును మిగులును, గౌరవమును నిలుచును. ఒకప్పుడు మా పెట్రోలు కారును ఒక మరమ్మతు షెడ్డునకు పంపగా, నూనె మార్చితిమని చీటీ వ్రాసి సొమ్ము పుచ్చుకొనిరి. ఇంటికి వచ్చిన పిదప పుల్ల తీసి చూచితిమి. నూనె కాటుకవలె నల్లగా, మునుపటి వారము వ్రాసికొన్న గీత యొద్దనే నున్నది. మావారును మేమును పుస్తకమును, పుల్లను వెంటబెట్టుకొని పోయి శాంతముగా చూపితిమి. వాదము లేకయే మా యెదుట నూనె మార్చిరి. మేము మెకానిక్కులము కాము, కానక్కరయు లేదు. వంట చేయలేనివాడును ఉప్పు తక్కువైనదని చెప్పగలడు గదా!

మార్చిన పాతనూనెను మురుగుకాలువలోను, బావిచెంతను పోయనీయవలదు. అది నీటిని చెరచును. 2016 నాటి కేంద్ర నియమములు దానిని ప్రమాదకరమైన వ్యర్థముగా నెంచినవి. షెడ్డువారే దానిని ప్రత్యేకముగా పోగుచేసి అప్పగింపవలయును.

ఈ మాసమున మీరు చేయవలసినది స్వల్పము. కారుతో వచ్చిన పుస్తకమును వెదకి తీయుడు. అందులో ఈ మూడు ద్రవముల పుట కొక దారము పెట్టుడు. ఒక ఆదివారము పెద్దపిల్లలను, ఆడపిల్లలను ముఖ్యముగా, ప్రక్కన నిలుపుకొని పుల్ల తీసి చూపుడు. రేపు అత్తవారింటనో, ఉద్యోగపు టూరిలోనో వారు ఒంటరిగా బండి నడుపవలసి వచ్చినప్పుడు ఆ చూపు వారికి తోడగును. వచ్చు మాసమున టైరుల గాలిని గూర్చి వ్రాయుదుము. అంతలో మీ నోటుపుస్తకములో ఏ వరుసయైనను సందేహము కలిగించినచో మాకు తెలుపుడు.