నీడనివ్వని నిలువు చెట్లు

కర్నూలు, కడప: వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే సీమ పట్టణాల్లో వీధి చెట్టు అలంకారం కాదు, అవసరం. అయితే ఇరుకు రోడ్లు, తలపై కరెంటు తీగలు ఉన్నచోట అడ్డంగా విస్తరించని మొక్కల వైపే మొగ్గు కనిపిస్తోంది. స్థలం కలిసివస్తున్నా, బాటసారికి దక్కే నీడ మాత్రం స్వల్పమే.

చలి దేశాలదీ ఇదే అవసరం: అమెరికా, ఐరోపా నగరాల్లో ఇరుకు వీధుల కోసం స్తంభంలా పెరిగే మేపుల్ రకాలను ఎంపిక చేసి నాటుతారు. శీతల వాతావరణానికి అలవాటుపడిన ఆ వృక్షాలు సీమ ఎండకు తగినవి కావు. ఇక్కడ ఆ స్థానం అశోకగా వాడుకలో ఉన్న నరమామిడిది. అసలు అశోకం వేరే జాతి. నరమామిడిలోనే కొమ్మలు విస్తరించే రూపమూ ఉంది. కొమ్మలు కిందికి వాలి కాండాన్ని అంటిపెట్టుకునే రకమే వీధులకెక్కింది.

కోనోకార్పస్ పాఠం: సోమాలియా, యెమెన్ ప్రాంతాలకు చెందిన కోనోకార్పస్ త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. అందుకే రాష్ట్రంలోని పలు పట్టణాల డివైడర్లపైకి చేరింది. వేళ్లు పైపులైన్లను దెబ్బతీస్తాయని, పుప్పొడి అలర్జీకి కారణమవుతుందని ఆరోపణలు రావడంతో గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దీని నాటకాన్ని నిషేధించాయి. వేగమొక్కటే చూసి మొక్కను ఎంచుకుంటే తరువాత తొలగింపు ఖర్చూ భరించాల్సి వస్తుంది.

చోటును బట్టి చెట్టు: డివైడర్లకు, తీగల పక్కనున్న ఇరుకు చోట్లకు నరమామిడి సరిపోవచ్చు. బస్టాపులు, పాఠశాలలు, ఆసుపత్రులు, సంతల వద్ద కావలసింది గొడుగులాంటి చెట్టు. వర్షాభావాన్ని తట్టుకునే వేప, కానుగ ఇందుకు అనువైనవి. వేసవి ఆరంభంలో చిగుర్చే కానుగ, ఎండలు ముదిరేసరికి చిక్కని నీడనిస్తుంది. రోడ్డుకు ఒకవైపే తీగలుంటే రెండోవైపు వీటిని పెంచవచ్చు.

నాటిన లెక్క కన్నా బతికిన లెక్క ముఖ్యం. తొలి రెండు, మూడు వేసవులు నీరు, కంచె లేకుంటే ఏ జాతి అయినా నిలవదు. పెరిగిన చెట్టును అనుమతి లేకుండా నరకరాదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. కొట్టివేతకు అనుమతి అడగాల్సిన పరిస్థితి రాకుండా, నాటే ముందే తీగలు, పైపులు, నీడ అవసరాన్ని చూసి పురపాలక, విద్యుత్తు, అటవీ శాఖలు కలిసి నిర్ణయిస్తేనే సీమ వీధులకు చల్లదనం దక్కుతుంది.