మన 13,500తో ఏ లెన్సు కొందాం?



గుణదల హాస్టల్ నుంచి రాస్తున్నాం. పోస్టు పెద్దదే, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఆదివారం సాయంత్రం మెస్సులో కూర్చుని తేల్చాల్సిన విషయం ఇది. ఆ రోజు ఒకరి మీద ఒకరు అరుచుకునే బదులు మా వాదన ముందే రాసి పెడుతున్నాం. మిగతా హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా రేపు ఇలాంటిదే కొనాలనుకోవచ్చు కదా, అందుకే గ్రూపులో పెడుతున్నాం.

సంగతి తెలియని వాళ్ల కోసం. డిగ్రీ అయిపోయి ఉద్యోగానికి వెళ్లిన సీనియర్ అన్న తన పాత కెనాన్ 700డి కెమెరా మనకి వదిలి వెళ్లాడు. బాడీ బాగుంది. దానితో వచ్చిన 18-55 లెన్సు మాత్రం మెట్ల మీద జారిపడి బిగుసుకుపోయింది. 27 మందిమి తలా 500 వేసుకుంటే 13,500 అయింది. ఇవ్వలేని వాళ్లు కొందరున్నారు. వాళ్ల పేర్లు ఎవరూ అడగొద్దు, వాళ్లకీ కెమెరా వంతు ఉంటుంది. వేసవి సెలవులకి పాడేరు, చింతపల్లి వైపు వాళ్లు మొదటి రెండు వారాలు, సీతంపేట వైపు వాళ్లు తర్వాత రెండు వారాలు, ఇటు తిరువూరు, మైలవరం వైపు తండాల వాళ్లు చివర్లో తీసుకెళ్లాలని అనుకున్నాం. ఇంతవరకు గొడవ లేదు.

గొడవంతా లెన్సు దగ్గరే. ఒక్కటే కొనగలం. బస్సు టాపు మీద సంచులు, ఎర్రమట్టి దుమ్ము, ఎక్కడా దిగి మార్చుకునే వీలు లేదు. కాబట్టి అన్నిటికీ ఒకటే పనికొచ్చేది కావాలి. కొందరు 70-300 అంటున్నారు. కొందరు ఇంకొంచెం డబ్బు పోగేసి 18-400 కొందామంటున్నారు. మేము 18-135 చాలంటున్నాం. ఎందుకో చెప్తాం.

ముందు ఈ నంబర్లు ఏంటో ఫస్టియర్ వాళ్లకి. 18, 135 అనేవి మిల్లీమీటర్లు. నంబరు చిన్నదైతే ఎక్కువ మేర కనిపిస్తుంది, ఇల్లంతా ఒకే ఫొటోలో పడుతుంది. పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరికొస్తుంది. మన కెమెరాలో సెన్సారు చిన్నది కాబట్టి ఆ నంబరుని 1.6తో గుణించుకోవాలి. అంటే పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో మన 18 అనేది 29 లాగా, 135 అనేది 216 లాగా పనిచేస్తుంది. 70 కూడా 112 అయిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పని ఉంది.

పోయిన వారం తెలిసిన స్టూడియో అన్న ఒక సాయంత్రానికి 18-135, 70-300 రెండూ ఇచ్చాడు. హాస్టల్ డాబా ఎక్కి చూశాం. 18 దగ్గర గుణదల కొండ మొత్తం, వాలు మీద ఎక్కుతూ పోయిన ఇళ్లతో సహా వచ్చింది. 135 దగ్గర కొండ మీది శిలువ, దాని పక్కన నిలబడ్డ మనుషులు. 300 పెట్టేసరికి శిలువ ఒక్కటే ఫ్రేము నిండా. అందరం ‘అబ్బా’ అన్నాం. నిజమే, ఆ క్షణంలో మేమూ 300 వైపే ఉన్నాం.

తర్వాత కిందకి దిగి రూములోకి వచ్చాం. నాలుగు మంచాల రూము. 70-300 పెడితే ఒక్క మనిషి ముఖం తప్ప ఏదీ పట్టలేదు. ఇంకా దగ్గరికి పోతే ఫోకస్సే అవ్వలేదు. దానికి దాదాపు మీటరున్నర దూరం కావాలి. 18-135 ఎస్‌టీఎంకి 39 సెంటీమీటర్లు చాలు. 18 దగ్గర పెడితే నాలుగు మంచాలు, ట్రంకు పెట్టెలు, తాడు మీద ఆరేసిన చొక్కాలు, నలుగురూ నవ్వుతూ, అంతా వచ్చింది. మన ఊళ్లో ఇళ్లు ఈ రూము కంటే పెద్దవా? పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మని 70తో తీయాలంటే గోడకి కన్నం పెట్టి అవతల నుంచి తీయాలి.

వెలుతురు సంగతి కూడా అంతే. 18-135లో 18 దగ్గర ఎఫ్/3.5 ఉంటుంది, 135 దగ్గర ఎఫ్/5.6. ఆ నంబరు పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. లెక్క వేస్తే 5.6 దగ్గర వచ్చేది, 3.5 దగ్గర వచ్చే దాంట్లో సుమారు 40 శాతమే. 18-400 అయితే చివర్లో 6.3కి పోతుంది, ఇంకా చీకటి. లెన్సులో ఉండే స్టెబిలైజరు మన చేతి వణుకుని ఆపుతుంది గానీ ధింసా ఆడే కాళ్లని ఆపదు. కాబట్టి ఇంట్లోనైనా, సాయంత్రం పూటైనా జూమ్ తిప్పడం కంటే నాలుగడుగులు ముందుకు వేయడమే మంచి ఫొటో.

‘18-400లో కూడా 18 ఉంది కదా’ అని మన బీకాం తమ్ముడు అడిగాడు. ఉంది. దానికి వంక పెట్టట్లేదు. కానీ సెకండ్ హ్యాండ్‌లోనే 32 వేలు చెప్పారు. అంటే ఇంకో 18,500 పోగేయాలి. బరువు 700 గ్రాముల పైన. 18-135 ఎస్‌టీఎం 480 గ్రాములు. రత్నాచల్‌లో విశాఖ దాకా నిలబడి, అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు బస్సులో మెడకి వేసుకుని పోయేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

ఇంకో లెక్క చూడండి. మన కెమెరా ఫొటో 18 మెగాపిక్సెల్, అడ్డంగా 5184 చుక్కలు. ఆరు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ప్రింటు శుభ్రంగా రావాలంటే అడ్డంగా 1800 చుక్కలు చాలు. 135 దగ్గర తీసి, 300తో తీసినంత మేరకి చుట్టూ కత్తిరించినా ఇంకా 2300 చుక్కలు మిగులుతాయి. డాబా మీద తీసిన శిలువని అలాగే కత్తిరించి ప్రింటు వేయించాం, ఆదివారం చూపిస్తాం. గోడకి పెట్టే సైజుకి మాకైతే తేడా కనిపించలేదు. పెద్ద పోస్టరు వేస్తే కనిపిస్తుంది, ఒప్పుకుంటాం. కానీ మనం వేసేది పోస్టర్లు కాదు కదా.

అయితే 18-55 ఇంకోటి కొంటే పోదా, ఇంకా చవక కదా అంటారు. అదీ ఆలోచించాం. జీలుగు చెట్టు ఎక్కి కల్లు దింపే మామ ముఖం 55కి అందదు, 135కి అందుతుంది. వాగు అవతల ఈత కొట్టే పిల్లలు, ధింసా వరసలో నడిమధ్యన ఉన్న అక్క, వీళ్లకి కూడా ఆ మాత్రం కావాలి. దూరం అక్కర్లేదని మేము అనట్లేదు. ఎంత దూరం చాలో చెప్తున్నాం.

70-300 వాళ్ల వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. ‘కొల్లేరు వెళ్తే ఆటపాక పెలికాన్లని 135తో ఏం తీస్తావు?’ అన్నారు. తీయలేం. చిన్న చిన్నగా వస్తాయి. ఒప్పుకుంటున్నాం. కానీ ఏడాదిలో కొల్లేరు ఒకసారి పోతాం, అదీ పోతేనే. ఇంటికి ప్రతి సెలవుకీ పోతాం. యూట్యూబులో ట్రావెల్ లెన్సు గురించి చెప్పేవాళ్లందరూ తెలియని చోటికి పోయే మనిషి కోసం చెప్తారు. మన ప్రయాణం అంటే ఇంటికి పోవడం. ఆ తేడా చూసుకోకుండా వాళ్లు చెప్పిన లెన్సు మనం ఎందుకు కొనాలి?

వాళ్లదే రెండో వాదన, ‘దూరం నుంచైతే ఎవరికీ తెలియకుండా తీయొచ్చు, సహజంగా వస్తాయి’. అసలు మేము ఈ పోస్టు రాసింది ఈ మాట కోసమే.

మా రూములో ఒకడి నానమ్మ పోయిన డిసెంబరులో చనిపోయింది. హుకుంపేట సంతకి ఏళ్ల తరబడి నడిచి వచ్చి పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు అమ్మిన మనిషి. ముక్కుకి నత్తులు, చెవుల నిండా పోగులు. లంబసింగి, వంజంగి మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు దారిలో సంత దగ్గర కారు ఆపి, అద్దం దించి ఆవిడని ఫొటో తీసేవాళ్లు. మావాడు చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేవాడు. పొడుగు లెన్సులు. ఒక్కరూ దిగి పేరు అడగలేదు. నానమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది, వాళ్లు అది కూడా తీసేవాళ్లు.

ఆవిడ పోయాక గోడకి పెట్టడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు. మీకు తెలుసుగా అది ఎలా ఉంటుందో. కళ్లు సగం మూసి, ముఖం మసక మసకగా. మావాడు అది చూసి, ‘మా నానమ్మ ఫొటోలు ఊరూరా ఉన్నాయిరా, మా ఇంట్లోనే లేదు’ అన్నాడు. ఆ మాట తర్వాత రూములో ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఇది ఇవాళ్టిది కూడా కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల ముక్కులు, తలలు కొలిచి రాసుకున్నాడు, ఫొటోలు వేశాడు. చాలా ఫొటోల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. తర్వాత 1940ల్లో హైమెండార్ఫ్ వచ్చాడు. హైదరాబాద్ సంస్థానంలో చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, గోండుల దగ్గర ఉండి రాశాడు. ఆదిలాబాద్ మార్లవాయిలో కాపురమే పెట్టాడు, గోండి నేర్చుకున్నాడు. ఆయన దగ్గరికి వచ్చిన మనిషి, తేడా ఉంది. అయినా ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఒక యూనివర్సిటీ దగ్గరున్నాయి. మన తాతల ఫొటోలు చూడాలంటే మనమే అక్కడికి వెతుక్కుంటూ పోవాలి.

ఇప్పుడు మొదటిసారి కెమెరా మన చేతికొచ్చింది. మనం కూడా కారులోంచి తీసినట్టే దూరం నుంచి, తెలియకుండా తీస్తామా? మనల్ని చూస్తే కొంగు అడ్డం పెట్టుకోరు కదా. ‘ఎప్పుడొచ్చావు కొడకా, తిన్నావా’ అంటారు. ఆ మాట అంటున్నప్పటి ముఖం 300 లెన్సుకి దొరకదు, ఎందుకంటే ఆ మాట అనాలంటే మనం పక్కనే ఉండాలి. దగ్గరికి పోతే బిగుసుకుపోతారు అన్నది నిజమే. మొదటి పది నిమిషాలు. కూర్చుని ఒక చెయ్యి చింతపండు పిక్క తీస్తే తర్వాత కెమెరా సంగతే మర్చిపోతారు.

ఇంకో మాట. తీయకూడనివి కూడా ఉంటాయి. పూజల్లో పెద్దలు వద్దన్నవి దూరం నుంచి తీసినా వద్దన్నవే. లెన్సు పొడుగైతే అనుమతి వచ్చినట్టు కాదు.

ఫోన్లు ఉన్నాయిగా, ఇదంతా ఎందుకు అని కూడా కొందరన్నారు. ఉన్నాయి. మన ఫోన్లు పగిలిపోతాయి, నిండిపోతాయి, అమ్మేస్తాం. ఎంతమంది దగ్గర ఇంటర్ నాటి ఫొటోలు మిగిలాయో చెప్పండి. కెమెరా వల్ల లాభం ఏంటంటే, కార్డు తెచ్చి ప్రింటు వేయిస్తాం. 18-135 ఎస్‌టీఎం సెకండ్ హ్యాండ్ 11,000కి చెప్పారు. ఇంకా 2,500 మిగులుతుంది. ప్రింటు 10 రూపాయల లెక్కన 250 ఫొటోలు. ఏ లెన్సుకైనా డబ్బంతా పోసేస్తే ఈ ప్రింట్లు ఉండవు. మాకు లెన్సు కంటే ఇదే పెద్ద కారణం.

కొనేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. 18-135లో మూడు రకాలున్నాయి: 2009లో వచ్చిన పాతది, 2012 ఎస్‌టీఎం, 2016 యూఎస్‌ఎం. పాతది చవకగా ఇస్తామంటే ఆగండి, ఎస్‌టీఎం ఫోకస్ చప్పుడు లేకుండా మెత్తగా పనిచేస్తుంది, వీడియోకి కూడా మంచిది. లెన్సులోకి ఫోన్ టార్చి వేసి అటు నుంచి చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. విజయవాడ ఉక్కకి అది మామూలే. జూమ్ తిప్పినప్పుడు గరగర ఉండకూడదు. 18 దగ్గర, 135 దగ్గర నాలుగు నాలుగు ఫొటోలు తీసి అక్కడే పెద్దవి చేసి మూలలు చూడండి. కొన్నాక బట్టల ట్రంకులో పెట్టొద్దు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. డబ్బా మేమిస్తాం.

ఎక్కువమంది 70-300 అంటే అదే కొందాం, మేము అలగం. కానీ చేతులెత్తే ముందు ఒక పని చేయండి. ఆదివారం వచ్చేటప్పుడు మీ ఇంట్లో, మీ వీధిలో ఆధార్ ఫొటో తప్ప ఇంకో ఫొటో లేని పెద్దవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని రండి. మా రూము నుంచి ఇప్పటికి 14 పేర్లు వచ్చాయి.